ఆల్టో వెనక ఎడమ చక్రం గరగర, డ్రమ్ విప్పకుండానే అన్నీ మార్చాలంటున్నారు

ఉప్పుగాలి:

అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ, ఇంటి నుంచి సముద్రం రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. బండి 2014 ఆల్టో 800, నాన్నగారు కొన్నది, 76 వేలు తిరిగింది. నెల రోజుల నుంచి బ్రేక్ వేస్తే వెనక ఎడమ చక్రం దగ్గర గరగరమని సౌండ్ వస్తోంది, మొదట్లో రాయి ఏదో ఇరుక్కుందేమో అనుకుని వదిలేశా, తర్వాత బ్రేక్ వెయ్యకపోయినా సన్నగా రాపిడి శబ్దం మొదలైంది. మొన్న సామర్లకోట వెళ్లి వచ్చాక దిగితే కాలిన వాసన, రిమ్ము దగ్గర చెయ్యి పెడితే సెగ, కుడి వైపు చూస్తే మామూలుగానే ఉంది. మైలేజీ కూడా తగ్గిందని నాన్నగారు అంటున్నారు.

షెడ్డుకి తీసుకెళ్తే ఆయన చక్రం ఒకసారి తిప్పి చూసి "వెనక రెండు డ్రమ్ములు, షూలు, సిలిండర్లు అన్నీ పోయాయి, మొత్తం సెట్టు మార్చేద్దాం" అన్నాడు. డ్రమ్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె, లోపలి నుంచి షూలు దాన్ని ఒత్తి ఆపుతాయి) విప్పలేదండి, బయటి నుంచే చెప్పేశాడు. ఖర్చు సంగతి తర్వాత, లోపల ఏం జరిగిందో చూడకుండా మార్చేస్తే మళ్లీ ఆరు నెలలకి ఇదే వస్తుందేమో అని నా భయం. ఈ బండిలో అమ్మానాన్నా ప్రతి వారం అన్నవరం వెళ్తారు.

నాకు ఆయిల్ మార్చడం, టైరు మార్చడం, ముందు డిస్క్ ప్యాడ్లు వెయ్యడం వచ్చు. డ్రమ్ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇంటి దగ్గర విప్పి చూడొచ్చా, విప్పితే ఏమేం చూడాలి, డ్రమ్ మార్చాలో అక్కర్లేదో ఎలా తెలుస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

గోదారి గట్టు:

విప్పి చూడొచ్చండి, ప్యాడ్లు మార్చినవాళ్లకి ఇది చేతకాని పనేం కాదు, కాకపోతే స్ప్రింగులతో ఓపిక కావాలి. మాది రాజమండ్రి, నా పాత వ్యాగన్ ఆర్‌కి రెండుసార్లు నేనే చేశా.

ముందు ఒక విషయం. మీది ముందు చక్రాలు లాగే బండి, బ్రేక్ నొక్కగానే బరువంతా ముందుకి వాలుతుంది, అందుకే పని ఎక్కువ ముందు డిస్కులే చేస్తాయి, వెనక షూలు తాపీగా అరుగుతాయి. ఇంకోటి, షూలు అరిగిపోవడం అంటే రెండు వైపులా ఇంచుమించు ఒకేలా అరగాలి. మీకు ఒక్క ఎడమ చక్రమే వేడెక్కుతోంది అంటే అక్కడ ఏదో పట్టేసి ఉంది. అదేంటో తెలీకుండా కొత్త షూలు వేస్తే వాటినీ తినేస్తుంది, మీ భయం కరెక్టే.

ఇక పని. చదునైన నేల చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ వెయ్యకూడదు, విప్పేది దాన్నే కదా, ఫస్ట్ గేర్‌లో పెట్టి ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టండి. చక్రం నట్లు, మధ్యలో ఉండే పెద్ద నట్టు (దాని మూత, పిన్ను ముందు తియ్యాలి, ఎలాగో కింద చెప్తా) బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకోండి, గాల్లో లేచాక దాని మీద బలం పెడితే బండి జాకీ మీద నుంచి జారుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, స్టాండు పెట్టండి, స్టాండు దొరక్కపోతే దొరికేదాకా ఆగండి. ఇటుకలు పేర్చి వాటి మీద బండి నిలబెట్టేవాళ్లని చూశాను, ఇటుక ఎప్పుడు చిట్లుతుందో చెప్పదండి. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందకి తోసి పెట్టుకోండి.

మధ్యలో చిన్న గిన్నెలాంటి డస్ట్ క్యాప్ ఉంటుంది, దాన్ని చుట్టూ మెల్లిగా తడుతూ లేపాలి. లోపల నట్టుకి స్ప్లిట్ పిన్ను ఉంటే ఆ పిన్ను పారేసి కొత్తది వెయ్యండి, పిన్ను లేకుండా నట్టు అంచుని గాడిలోకి నొక్కేసిన రకమైతే ఆ అంచు లేపి విప్పండి, బిగించేటప్పుడు కొత్త నట్టు వెయ్యండి. ఈ బండ్లకి చక్రం బేరింగ్ డ్రమ్ములోనే కూర్చుంటుంది, అందుకని ఆ నట్టు ఎంత బిగించాలో సర్వీస్ మాన్యువల్‌లో చూసి, ఎంత బలం పడుతోందో చూపే టార్క్ పానాతోనే బిగించాలి, చేతి అంచనా పనికిరాదు.

డ్రమ్ లాగితే రాకపోతే సుత్తితో బాదెయ్యొద్దు. లోపల క్యాబిన్‌లో హ్యాండ్ బ్రేక్ లివర్ దగ్గర కేబుల్ అడ్జస్టింగ్ నట్టు ఉంటుంది, దాన్ని బాగా వదులు చెయ్యండి. సగం మొండి డ్రమ్ములు దానికే లొంగుతాయి. చాలా కాలం తిరిగిన డ్రమ్ముకి అంచున ఒక గట్టు తయారవుతుంది, షూ ఆ గట్టుకి లోపల చిక్కుకుంటుంది, మీది సముద్రం గాలి కాబట్టి ఆ గట్టు మీద తుప్పు కూడా పేరుకుని ఉంటుంది.

విప్పగానే నల్లటి పొడి ఉంటుంది చూశారూ, దాన్ని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే కొట్టొద్దు. పాత లైనింగుల్లో (షూ మీద అతికించే రాపిడి పొర) ఆస్‌బెస్టాస్ అనే ఊపిరితిత్తుల్ని పాడుచేసే నార ఉండేది, మన దేశంలో దాని వాడకం మీద పూర్తి నిషేధం ఇప్పటికీ లేదు, బండిలో ఉన్నది ఏ రకమో బయటికి చూసి చెప్పలేం. మాస్కు పెట్టుకుని సబ్బునీళ్లు గానీ బ్రేక్ క్లీనర్ గానీ కొట్టి తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారెయ్యండి. పెట్రోలూ కిరసనాయిలూ డీజిలూ వాడొద్దు, సిలిండర్ రబ్బర్లు ఉబ్బిపోతాయి.

స్ప్రింగు ఒక్కటి తియ్యకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తియ్యండి. రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు, ఒకటి పూర్తిగా బిగించాకే రెండోది. ఎక్కడ ఏ స్ప్రింగు అనేది మర్చిపోతే రెండో వైపు చూసుకోవచ్చు, అద్దంలో బొమ్మలాగా తిరగేసి ఉంటుంది అంతే.

పాత పానా:

తమ్మీ, వరంగల్‌ల 22 ఏండ్ల సంది షెడ్ నడుపుతున్న. పైన ఆయన మంచిగ చెప్పిండు, విప్పుడు సంగతి అయిపోయింది, ఇప్పుడు విప్పినంక ఏం జూడాల్నో నేను చెప్త.

మొదలు లైనింగ్ మందం. ఇనుప పలక మీద అతికించిన లైనింగ్ 1 మిల్లీమీటర్ దాకా వచ్చిందంటే ఇగ మార్చుడే, నేనైతే 2 దగ్గరనే మారుస్త, మళ్ల విప్పేది ఎన్నడో ఎవరికి ఎరుక. మందం ఒక్క కాడ చూసి ఊకోకు, పైన, నడుమ, కింద మూడు కాడల చూడు. రెండు షూల ముందుకి ఉండేది ఎక్కువ అరుగుతది, అది తప్పు కాదు, డ్రమ్ తిరుగుడే ఆ షూను లోపల్నుంచి ఇంకింత గట్టిగ ఒత్తుకుంటది, వెనక షూకి ఆ బలం ఉండది. ఒకటే చక్రంల ముందు షూ, వెనక షూ తేడా ఉంటే భయపడకు. ఎడమ చక్రానికి, కుడి చక్రానికి తేడా ఉంటే మాత్రం ఆడ ఆగు, ఏందో కతుంది.

రెండోది వీల్ సిలిండర్, బ్రేక్ తొక్కితే ఫ్లూయిడ్ బలంతోని షూలను తోసేది. పైన రెండు పక్కల రబ్బర్ టోపీలు ఉంటయి, వాటి అంచు సన్నగ లేపి చూడు. లోపల జెర చెమ్మ ఉంటే పర్వాలేదు, కారేటట్టు తడి ఉన్నా, బ్యాకింగ్ ప్లేట్ (డ్రమ్ వెనక కదలకుండ ఉండే రేకు) మీద మరకలు దిగినా సిలిండర్ పోయినట్టే. వాషర్ కిట్టు వేసి నెట్టుకొచ్చే కాలం పోయింది, లోపల బోరు తుప్పు తింటే కొత్త రబ్బర్ కప్పులు కూడ ఆగవు, సిలిండరే మార్చు. ఇగ ఆ ఫ్లూయిడ్ లైనింగ్ మీద పడ్డదనుకో, ఎంత మందం ఉన్నా సరే ఆ షూలు తీసెయ్యి. ఉప్పుకాగితం పెట్టి రుద్ది, పొయ్యి మీద కాల్చి మళ్ల వేసేటోళ్లు ఉన్నరు, అది తప్పు, లోపలికి పీల్చుకున్నది బయటికి రాదు, వేడి అయితే మళ్ల తేలుతది, బ్రేక్ ఒక పక్కకి గుంజుతది.

మూడోది డ్రమ్. లోపల ముఖం మీద వేలు గోరుతోని అడ్డంగ గీకు. సన్న గీతలు ఉంటయి, అవి కావాలె, అసలు నున్నగ అద్దం లెక్క ఉంటే అదే మంచిది కాదు. గోరు దిగబడేంత గాడులు ఉంటే లేత్ మిషన్ మీద చెక్కిపియ్యాలె. నీలం మచ్చలు ఉన్నయంటే బాగ కాగింది అన్నట్టు. ఎంట్రుక లెక్క పగుళ్లు కనబడితే లేత్ గీత్ ఏం లేదు, డ్రమ్ మార్చుడే, పోత ఇనుము ఇగ దాన్ని నమ్మొద్దు. డ్రమ్ మీదనే పోత అక్షరాలల్ల గరిష్ఠ డయా (లోపలి వ్యాసం) రాసి ఉంటది, లేత్ కొట్టినంక గూడ ఆ అంకె దాటొద్దు, దానికి కొంచెం లోపలనే ఉండాలె, రేపు మళ్ల అరగాలె కద.

నాలుగోది, మంది మర్చిపోయేది హ్యాండ్ బ్రేక్ కేబుల్. షూ వెనక ఉండే లివర్‌కి కేబుల్ తగిలి ఉంటది, దాన్ని విప్పి చేతితోని గుంజి వదులు. సుయ్‌మని వెనకకి పోవాలె. పోకపోతే నీ రోగం అదే. సముద్రం ఊరు అంటున్నవ్, వానాకాలం హ్యాండ్ బ్రేక్ ఏసి రోజుల తరబడి బండి పెట్టినవా? చెప్పు.

స్ప్లెండర్ 11:

టాపిక్ కారుదే కానీ బైక్ డ్రమ్ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారని చెప్తున్నా, మనకి విప్పకుండానే తెలిసే గుర్తు ఒకటి ఉంది. వెనక బ్రేక్ ప్లేట్ మీద బ్రేక్ ఆర్మ్ దగ్గర చిన్న బాణం ఉంటుంది, పెడల్ పూర్తిగా నొక్కి పట్టుకుని చూస్తే ఆ బాణం ప్లేట్ మీద ఉన్న గుర్తుకి ఎదురుగా వచ్చిందంటే షూలు మార్చే టైం. రాడ్ నట్టు తిప్పి టైట్ చేసుకుంటూ పోతే బ్రేక్ పడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ ఆ బాణం చూడరు, చివరికి లైనింగ్ అయిపోయి ఇనుము డ్రమ్ముని కోసేస్తుంది, మా బాబాయ్ బండికి అలాగే అయ్యింది, మొత్తం హబ్బే మార్చాల్సొచ్చింది.

కారు షూలకి అలాంటి గుర్తు ఏమైనా ఉంటుందా అన్నా?

పాత పానా:

బాణం ఉండది తమ్మీ. ముందు డిస్క్ ప్యాడ్‌లకి అరిగినంక కీచుమనే రేకు ఉంటది, షూలకి గదీ ఉండది. కొన్ని బండ్లకి బ్యాకింగ్ ప్లేట్ వెనక రబ్బర్ బిరడా ఉంటది, అది తీసి టార్చ్ కొడితే లైనింగ్ అంచు కనబడ్తది. కనబడేది ఆ ఒక్క జాగే, సిలిండర్ కారుతుందా లేదా అందుల తెల్వది. ఏడాదికి ఒక్కసారి డ్రమ్ తీసుడే మేలు.

ఉప్పుగాలి:

విప్పానండి. ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఎడమ డ్రమ్ ఊడి రావడానికే తొమ్మిదయ్యింది, గోదారి గట్టు గారు చెప్పినట్టు లోపల కేబుల్ నట్టు మొత్తం వదులు చేసినా కదల్లేదు. దాని ముఖం మీద రెండు చిన్న మర చిల్లులు కనపడ్డాయి, అవి దేనికో తెలీక వదిలేసి, చెక్క అడ్డం పెట్టి చుట్టూ తడుతూ తడుతూ లాగాను.

లోపల చూస్తే, ముందు షూ మీద లైనింగ్ పైభాగంలో దాదాపు లేదండి, ఇనుము తగులుతోంది, గరగర అదే. వెనక షూకి ఒక 1.5 ఉంటుంది. డ్రమ్ లోపల గోరు దిగేంత గాడులు, మూడు చోట్ల నీలం మచ్చలు, ఎండలో పెట్టి చూస్తే ఒక నీలం మచ్చ మీద సన్నటి పగుళ్లు. సిలిండర్ టోపీ లేపితే బొట్టు కారింది, ఆ రబ్బరు గట్టిపడి పెళుసుగా ఉంది. అది బిగించకుండా అలాగే ఉంచి కుడి వైపు స్ప్రింగుల జోలికి పోకుండా డ్రమ్ మాత్రం తీసి చూశా. కుడి వైపు లైనింగ్ రెండింటికీ 3 పైనే ఉంది, డ్రమ్ సన్న గీతలతో శుభ్రంగా ఉంది, సిలిండర్ పొడి.

పాత పానా అన్న అడిగినట్టు కేబుల్ విప్పి లాగా. కుడిది సుయ్‌మని వెనక్కి పోయింది. ఎడమది లాగితే కరకరమని వచ్చింది, వదిలితే అక్కడే ఉండిపోయింది. తొడుగు చివర రబ్బరు చిరిగి లోపల అంతా ఎర్ర తుప్పు. వానాకాలంలో నాన్నగారు ఊరెళ్లినప్పుడు మూడు వారాలు బండి హ్యాండ్ బ్రేక్ వేసే ఉంచాం, తీసేటప్పుడు టక్‌మని పెద్ద శబ్దం వచ్చి కదిలింది, అప్పుడు పట్టించుకోలేదు. షెడ్డు ఆయన ఎడమ వైపు చెప్పినవన్నీ నిజమే అయ్యాయి, కేబుల్ మాట మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు ఏమేం కొనాలి? కుడి డ్రమ్, కుడి సిలిండర్ ఉంచొచ్చా?

పాత పానా:

అదే తమ్మీ, కేబుల్ పట్టుకుంది, లివర్ వెనకకి రాలే, షూ డ్రమ్ముకి రాసుకుంటనే తిరిగింది, ఆ వేడికి డ్రమ్ నీలం పడ్డది, అదే వేడికి సిలిండర్ రబ్బర్ పెళుసయింది. నాలుగు రోగాలు కాదు, ఒకటే రోగం.

షూలు రెండు దిక్కుల మార్చు, కుడివి 3 ఉన్నా సరే. ఒక పక్క కొత్త లైనింగ్, ఇంకో పక్క పాతది ఉంటే బ్రేక్ సమానంగ పడది. ఎడమ డ్రమ్ కొత్తది, పగిలింది కాబట్టి వేరే మాట లేదు. కుడి డ్రమ్ లేత్ షాపుల కొలిపించు, లోపల ముఖం గుండ్రం ఉందా, డయా ఎంత ఉంది చూపిచ్చు, కొత్తదానికి దగ్గరగ ఉంటే ఉంచుకో. ఎడమ సిలిండర్ మార్చుడే, కుడిది పొడిగ ఉందంటున్నవ్, ఆ టోపీ మెత్తగ ఉంటే ఉండనీ, 11 ఏండ్ల రబ్బర్ అని మనసుల ఉంటే రెండూ మార్చు, నేనైతే మారుస్త, ఎట్లయిన బ్రేక్ లైన్ల చేరిన ఎయిర్ తీసుడు ఉంది కద. హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎడమది కొత్తది. తొడుగుల ఆయిల్ పోసి నడిపిచ్చెటోళ్లు ఉంటరు, ఒక నెల నడుస్తది, మళ్ల పట్టుకుంటది.

ఇంకొకటి, బేరింగ్ మర్చిపోకు. డ్రమ్ అంత కాగినంక అందుల గ్రీజు కూడ కాలి ఉంటది. కొత్త డ్రమ్ముకి కొత్త బేరింగ్, కొత్త సీల్ వెయ్యి. పాతది కొట్టి తీసి దీంట్ల ఎక్కియ్యకు.

డల్లాస్ గ్యారేజ్:

నేను టెక్సస్‌లో ఉంటానండి, నా 2010 కరోలాకి కూడా వెనక డ్రమ్ములే, ఇక్కడ లేబర్ ఛార్జీకి భయపడి అన్నీ నేనే చేసుకోవడం అలవాటైంది. ఉప్పుగాలి గారు చెప్పిన ఆ రెండు మర చిల్లులు నా బండికైతే డ్రమ్ ఊడదీయడానికేనండి. నా డ్రమ్ముకి ఎం8 బోల్టులు, 1.25 పిచ్ సరిపోతాయి, మీవి ఒకసారి సరిచూసుకోండి. రెండు బోల్టులూ పెట్టి చెరో అర చుట్టు, మళ్లీ చెరో అర చుట్టు సమానంగా బిగిస్తుంటే వెనకున్నదాన్ని తన్ని డ్రమ్ దానంతటదే బయటికొస్తుంది. ఒక్కదాన్నే బిగించుకుంటూ పోతే పక్కకి వంగి పట్టేస్తుంది. తుప్పు ఎక్కువుంటే ముందు రోజు రాత్రే చుట్టూ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచితే మూడు గంటల పని పది నిమిషాలవుతుంది, లైనింగ్ మీద పడకుండా చూసుకోండి అంతే.

సిలిండర్ మారుస్తున్నారు కాబట్టి ఎయిర్ తియ్యాలి, దీని గురించి ఒక మాట. యూట్యూబ్‌లో మా వైపు వీడియోలు చూస్తే కుడి వెనక చక్రం నుంచి మొదలుపెట్టమంటారు. బ్రేక్ పెడల్‌కి కలిసి ఉండే మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రం ముందు అనేది మామూలు పద్ధతి, ఇక్కడ స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి దూరంగా ఉండేది కుడి వెనక చక్రం. మనూళ్లో స్టీరింగ్ కుడి వైపు, అప్పుడు దూరంది ఎడమ వెనక చక్రం అవుతుంది. మీ మాన్యువల్‌లో వేరే వరస ఇచ్చుంటే అదే పాటించండి. డబ్బాలో ఫ్లూయిడ్ మధ్యలో అయిపోకుండా పోస్తూ ఉండండి, ఒక్కసారి గాలి లాగితే మళ్లీ మొదటికొస్తుంది.

ఫ్లూయిడ్ కొత్త సీసా కొనండి, మూత తీసి ఆరు నెలలు అటక మీద పెట్టింది వద్దు. అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 (ఫ్లూయిడ్‌లో ఒక రకం) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు, డాట్ 4 అయితే 230 నుంచి 155కి. మరిగితే లైన్లో ఆవిరి బుడగలు, బుడగ నొక్కితే నొక్కుకుపోతుంది, బ్రేక్ పడదు. కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లో రెండేళ్లకోసారి మార్చడం బద్ధకించొద్దు. రంగు మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లతో కడిగెయ్యండి.

అడ్జస్టర్ స్ట్రట్టులు (షూలు అరిగేకొద్దీ వాటిని డ్రమ్ముకి దగ్గరగా జరిపే కడ్డీలు) ఎడమది ఎడమకే, కుడిది కుడికే. కలిసిపోతే షూ అరిగినా అది దగ్గరికి జరగదు, పెడల్ రోజురోజుకీ కిందకి పోతుంది. నేను మొదటిసారి ఈ తప్పు చేసి వారం రోజులు కారణం వెతుక్కున్నా.

కొండ దారి:

నేను తిరుపతిలో ట్యాక్సీ తోలతా అన్నా. అమ్మానాన్నల్ని ఎక్కించుకుని తిరిగే బండి అన్నావు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. డ్రమ్ముకి వేడే శత్రువు. వేడికి డ్రమ్ పెద్దదయిపోతాది, షూ నుంచి దూరం జరుగుతాది, పెడల్ అంత కిందికి పోతాది. డిస్క్ అట్ల కాదు, వేడెక్కి ఉబ్బితే ప్యాడ్ వైపే ఉబ్బుతాది. మా తిరుమల దిగే దారి 1944లో వేసిన పాత ఘాటు, మలుపు మీద మలుపు, కొత్తగా వచ్చినోళ్లు బ్రేక్ మీదే కాలు పెట్టి దిగతారు, కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర పొగ. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల, రెండో గేర్లో ఇంజనే పట్టుకుంటాది, బ్రేక్ మలుపు ముందర కొంచెం వేసి వదిలెయ్యాల.

ఇంకా రెండు చూసినా నేను. కింద దిగినాక కాలిపోతున్న చక్రాల మీద బాటిల్ నీళ్లు పోస్తారు, పోత ఇనుము ఆ వేడి మీద చల్లనీళ్లు పడితే పగులుతాది, పొయ్యద్దు, నీడలో ఆపి దానంతటదే ఆరనివ్వాల. రెండోది, అంత వేడి మీద హ్యాండ్ బ్రేక్ లాగి పెడతారు. డ్రమ్ ఆరతా ఆరతా ముడుచుకుని షూని గట్టిగా పట్టుకుంటాది, తెల్లారి బండి కదలదు. గేర్లో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టుకుంటే చాలు.

నీ బండికి కొత్త షూలు వేసినాక ఒక 200 కిలోమీటర్లు అయ్యేదాకా అన్నవరం కొండ మీదికి తీసుకుపోవద్దు. ఊర్లోనే నలభై స్పీడులో మెల్లిగా బ్రేక్ వేస్తా వదలతా తిప్పు, షూ డ్రమ్ముకి సెట్ కావాల.

గోదారి గట్టు:

బిగించేటప్పుడు రెండు సంగతులు చెప్పడం మర్చిపోయానండి. బ్యాకింగ్ ప్లేట్ మీద షూ అంచు ఆనుకునే ఎత్తు మెట్టలు ఉంటాయి, మీ పాత షూలు రాసుకుని మెరుస్తూ కనపడతాయి, అక్కడ ఉప్పుకాగితంతో తుప్పు తీసి వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు అగ్గిపుల్ల తలంత రాయండి. మామూలు గ్రీజు వేడికి కరిగి లైనింగ్ మీదకి కారుతుంది. కొత్త లైనింగుని జిడ్డు చేతులతో ముట్టుకోవద్దు.

రెండోది వరస. డ్రమ్ వేసి, నట్టు బిగించి, ఎయిర్ తీశాక ముందు బ్రేక్ పెడల్ నాలుగైదు సార్లు గట్టిగా నొక్కండి, అడ్జస్టర్ దానంతటదే షూలని దగ్గరికి తెస్తుంది. ఆ తర్వాతే హ్యాండ్ బ్రేక్ కేబుల్ సర్దండి. ముందే కేబుల్ టైట్ చేసేస్తే లివర్ లాగే ఉండి అడ్జస్టర్ పనిచెయ్యదు, చాలామంది ఇక్కడే తేడా చేస్తారు. కేబుల్ సర్దాక హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి రెండు చక్రాలూ చేత్తో తిప్పి చూడండి, ఒకేలా ఫ్రీగా తిరగాలి.

ఉప్పుగాలి:

పని అయిపోయిందండి, రెండు ఆదివారాలు పట్టింది. మధ్యలో వారం అంతా బండి స్టాండ్ల మీదే ఉంది, నాన్నగారు బస్సులోనే వెళ్లారు.

కుడి డ్రమ్ లేత్ షాపులో కొలిపించా. డ్రమ్ మీద గరిష్ఠం 182 మిల్లీమీటర్లు అని పోతలో ఉంది, కొత్తది 180, నాది 180.3 వచ్చింది, గుండ్రంగానే ఉంది, ముట్టుకోవద్దు అన్నాడు లేత్ ఆయన, అలాగే ఉంచేశా. ఎడమ డ్రమ్ కొత్తది, బేరింగూ సీలూ కొత్తవి, వాటిని ప్రెస్ మీద లేత్ షాపులోనే ఎక్కించారు. పాత బేరింగ్ వేలితో తిప్పితే ఇసుక పోసినట్టు ఉంది, పాత పానా అన్న చెప్పకపోతే దాని గురించి ఆలోచించేవాణ్ణే కాదు. షూలు రెండు వైపులా, సిలిండర్లు రెండూ, ఎడమ కేబుల్. ఎయిర్ తీయడానికి మా తమ్ముడు పెడల్ నొక్కాడు, పాత ఫ్లూయిడ్ టీ డికాక్షన్ రంగులో వచ్చింది, తేటగా వచ్చేదాకా పోశాం.

ఒకచోట మాత్రం చెమటలు పట్టాయి. షూని బ్యాకింగ్ ప్లేట్‌కి అదిమి పట్టే హోల్డ్ డౌన్ స్ప్రింగు నొక్కి పిన్ను తిప్పేటప్పుడు స్ప్రింగు ఎగిరి గోడకి తగిలింది, కళ్లద్దాలు పెట్టుకోబట్టి సరిపోయింది. ఇది చదివి చేసేవాళ్లు కళ్లద్దాలు లేకుండా స్ప్రింగుల దగ్గర కూర్చోవద్దండి.

వీధిలో నడిచేంత స్పీడులో నాలుగుసార్లు ఆపి చూసి, తర్వాత పిఠాపురం దాకా వెళ్లొచ్చా. రెండు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. సౌండ్ లేదు. పెడల్ మాత్రం మునుపటి కన్నా కొంచెం పైనే ఆగుతోంది, అది మంచిదేనా? ఇంకోటి, ఇక మీద వానాకాలంలో బండి ఎలా పెట్టాలి?

పాత పానా:

పెడల్ పైన ఆగుడు మంచిదే తమ్మీ, షూ దగ్గరికి వచ్చింది, ఎయిర్ మంచిగ పోయింది. స్పాంజ్ లెక్క మెత్తగ ఉంటే చెప్పు, అప్పుడు మళ్ల ఎయిర్ తియ్యాలె.

వానల బండి ఎక్కువ రోజులు పెట్టేదుంటే చదును జాగల ఫస్ట్ గేర్ ఏసి, చక్రాలకి దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి పెట్టు. నీళ్లు నిలిచిన రోడ్డు మీద పోయి వచ్చినవనుకో, ఇంటికి వచ్చే ముందట మెల్లగ పోతూ బ్రేక్ సన్నగ రెండు మూడు సార్లు నొక్కు, డ్రమ్ లోపల తడి ఆరుతది, తడి మీదనే ఆపి పెడితే తెల్లారి వరకు షూ పట్టుకుంటది.

500 కిలోమీటర్లు తిరిగినంక ఒక్కసారి రెండు బ్యాకింగ్ ప్లేట్ల వెనక, ఎయిర్ తీసే బ్లీడింగ్ నిప్పల్ కాడ చేయి పెట్టి తడి ఉందా చూడు. హ్యాండ్ బ్రేక్ ఎన్ని క్లిక్కులకి పడుతుందో ఇయ్యాల లెక్క పెట్టి రాసుకో, అప్పుడు మళ్ల లెక్క పెట్టు.

ఉప్పుగాలి:

ఇవాళ్టికి 520 అయ్యిందన్నా. నిప్పల్ దగ్గర రెండు వైపులా పొడిగానే ఉంది, బిగించిన రోజు ఆరు క్లిక్కులు, ఇవాళ కూడా ఆరే. రేపు పొద్దున అమ్మానాన్నల్ని అన్నవరం తీసుకెళ్తున్నా, దిగేటప్పుడు రెండో గేర్లోనే దిగుతా.